ఇంటర్ తర్వాత ఆగిన ఏడాది: చెల్లేవి, చెల్లనివి, జూన్ దాకా చేయవలసినవి

మీ ప్రశ్నలో నాకు అర్థమైన సంగతి ముందు చెబుతాను. ఇందులో ఏదైనా తేడా ఉంటే మిగతా సమాధానాన్ని ఆ మేరకు సరిచేసుకోండి. ప్రకాశం జిల్లాలో పొగాకు సాగు చేసే కుటుంబం మీది. 2025 మార్చిలో ఎంపీసీతో ఇంటర్ పూర్తి చేసి 921 మార్కులు తెచ్చుకున్నారు, ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో ఇరవై నాలుగు వేల లోపు ర్యాంకు వచ్చింది. జూలైలో కౌన్సెలింగ్ నడుస్తున్న రోజుల్లోనే నాన్నగారికి ప్రమాదం జరిగి తుంటి ఎముకకు శస్త్రచికిత్స చేయవలసి రావడంతో మీరు వెబ్ ఆప్షన్లు (ఏ కాలేజీ, ఏ బ్రాంచి కావాలో ఆన్‌లైన్‌లో ఎంచుకోవడం) పెట్టనే లేదు. ఇంట్లో అందరూ ‘వచ్చే ఏడాది చూద్దాంలే’ అనుకున్నారు. ఇప్పుడు దసరాకు స్నేహితురాళ్లంతా హాస్టళ్ల నుంచి వచ్చి కాలేజీ కబుర్లు చెబుతుంటే మీకు భయం పట్టుకుంది. ర్యాంకు వచ్చే ఏడాదికి పనికొస్తుందా, ఏడాది విరామం వల్ల ఫీజు రీయింబర్స్‌మెంటుకు గానీ ఉద్యోగానికి గానీ నష్టమా, డిగ్రీలోనైనా చేరి ఉండవలసిందా, జూన్ వరకు ఇంట్లో ఉండి ఏం చేయాలి, అడిగేవాళ్లకు ఏం చెప్పాలి అన్నవి మీ ప్రశ్నలు.

నేను చాలా ఏళ్లు జూనియర్ కళాశాలలో గణితం బోధించాను, ప్రవేశాల సమయంలో సహాయ కేంద్రంలో ధ్రువపత్రాల పరిశీలనకు కూర్చున్నాను. ఆ బల్లకు అవతలి వైపు విరామం వచ్చిన పిల్లలను ఎందరినో చూశాను కనుక ఒక మాట గట్టిగా చెప్పగలను. ఏడాది ఆగడం వల్ల చదువు పాడైనవారు తక్కువ. ఆగిన ఏడాదికి ముగింపు తేదీ లేకపోవడం వల్ల పాడైనవారు ఎక్కువ. మీ ఇంట్లో అనుకున్న ‘వచ్చే ఏడాది చూద్దాం’ అన్న మాటలో వచ్చే ఏడాది ఉంది గానీ చేరడం లేదు, చూడడం మాత్రమే ఉంది. ఇప్పుడు మీరు చేయవలసిన పనిలో సగం ఆ మాటను ఒక పరీక్షగా, ఒక తేదీగా, ఒక మొత్తంగా మార్చుకోవడమే.

ముందు ర్యాంకు సంగతి. ఈఏపీసెట్ ర్యాంకు ఆ విద్యాసంవత్సరపు ప్రవేశాలకు మాత్రమే చెల్లుతుంది. 2025 ర్యాంకు కార్డుతో 2026 కౌన్సెలింగ్‌లో కూర్చోలేరు. పరీక్ష మళ్లీ రాయాలి. అయితే మీరు మొదటి నుంచి మొదలుపెడుతున్నట్టు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాంకు లెక్కించేటప్పుడు ఈఏపీసెట్ మార్కులకు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంటుంది. (తెలంగాణ 2023 నుంచి ఈ వెయిటేజీ తీసేసింది కాబట్టి అక్కడి బంధువులు చెప్పే లెక్క మీకు వర్తించదు.) గ్రూపు సబ్జెక్టులంటే గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం కలిపి ప్రాక్టికల్స్‌తో సహా 600 మార్కులు. ఇంగ్లీషు, సంస్కృతం లెక్కలోకి రావు. అంటే మీ 921లో ఆ 600కు ఎన్ని వచ్చాయో విడిగా చూసుకోండి. ఆ భాగం చేతిలో ఉన్న సొమ్ము, మళ్లీ సంపాదించనక్కర లేదు. మిగిలింది 160 ప్రశ్నల పరీక్ష: గణితం 80, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40, తప్పు రాస్తే మార్కు కోత లేదు. నార్మలైజేషన్ (వేర్వేరు పూటల్లో రాసినవారి మార్కులను సమం చేసే పద్ధతి) లెక్కను పక్కన పెట్టి చూస్తే ఇంటర్‌లో 24 మార్కులు తెచ్చే లాభం, ఈఏపీసెట్‌లో రెండు మూడు ప్రశ్నలు అదనంగా సరిగా రాస్తే వచ్చే లాభం దాదాపు ఒకటే. మీకు సగం ప్రశ్నలు గణితంలోనే ఉన్న ఈ పరీక్ష అనుకూలమా కాదా అన్నది మీ ర్యాంకు కార్డులోని సబ్జెక్టుల వారీ మార్కులే చెబుతాయి. దాన్ని పెట్టెలో దాచకుండా బల్ల మీద పెట్టుకోండి.

ఇక్కడే ఇంకొక విషయం చెప్పాలి, ఎందుకంటే దీని సంగతి చాలా ఇళ్లలో ఎవరికీ తట్టడం లేదు. 2025-26 నుంచి మన రాష్ట్రంలో ఇంటర్ మొదటి సంవత్సరానికి ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యప్రణాళిక వచ్చింది. గణితం 1ఎ, 1బి పేపర్లు పోయి ఒకే పేపరు అయింది. ఆ పిల్లలు రెండో సంవత్సరం పూర్తి చేసేది 2027లో. కాబట్టి 2026 వేసవిలో మీతో పోటీ పడే తాజా విద్యార్థులు మీరు చదివిన పుస్తకాలే చదివినవారు. ఆ తర్వాతి ఏడాది పరిస్థితి అలా ఉండదు. ఒక ఏడాది ఆలస్యం వల్ల మీకు పెద్ద నష్టం లేదన్న నా మాట రెండో ఏడాదికి వర్తించదని ఇంట్లో పెద్దలకు ఈ కారణంతోనే చెప్పండి. ‘అమ్మాయి పట్టుదల’ అన్న మాటకంటే ‘సిలబస్ మారుతోంది’ అన్న మాట వాళ్లకు తొందరగా ఎక్కుతుంది.

జేఈఈ రాయాలా అని మీరు నేరుగా అడగలేదు గానీ ఒక వాక్యంలో ప్రస్తావించారు. జేఈఈ మెయిన్‌ను ఇంటర్ పూర్తి చేసిన ఏడాదితో కలిపి వరుసగా మూడేళ్లు రాయవచ్చు, ఏటా జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి జరుగుతుంది, రెండింటిలో మెరుగైన స్కోరును తీసుకుంటారు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు వరుసగా రెండేళ్లే అవకాశం. 2025లో ఇంటర్ పూర్తి చేసిన మీకు 2026 ఆఖరిది. ఎన్ఐటీల్లో చేరడానికి ఇంటర్‌లో 75 శాతం మార్కులు గానీ, బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లో స్థానం గానీ కావాలి, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 65 శాతం చాలు; మీ మార్కులతో ఆ ఇబ్బంది లేదు. నా అభిప్రాయం ఏమిటంటే జనవరి విడతకు దరఖాస్తు చేయండి, కానీ దాన్ని లక్ష్యంగా పెట్టుకోకండి. సీటు కోసం కన్నా తేదీ కోసం అది మీకు అవసరం. ఇంట్లో కూర్చుని చదివేవారికి మే నెల పరీక్ష అక్టోబరులో చాలా దూరంగా కనబడుతుంది, జనవరి పరీక్ష అలా కనబడదు. 2025 జనవరి విడత దరఖాస్తులు 2024 అక్టోబరు 28న మొదలై నవంబరు 22న ముగిశాయి. ఈసారీ ఇంచుమించు ఆ రోజుల్లోనే ఉంటాయనుకుని ఇప్పటి నుంచే అధికారిక వెబ్‌సైటు చూస్తూ ఉండండి.

ఫీజు రీయింబర్స్‌మెంటు విషయంలో మీ భయం సగం నిజం, సగం అపోహ. ఏడాది విరామం ఉన్నంత మాత్రాన పథకం పోదు. అసలు ముప్పు వేరే చోట ఉంది. మేనేజ్‌మెంట్ కోటాలోనూ స్పాట్ అడ్మిషన్‌లోనూ చేరినవారికి రీయింబర్స్‌మెంటు రాదు, దూరవిద్యలో చేరినవారికీ రాదు. ఈ నెలల్లో మీకు ‘ఇప్పుడైనా సీటు ఉంది, ఆలోచించుకోండి’ అని ఫోన్లు వస్తాయి. ఇంటర్ విద్యార్థుల నంబర్లు సంతలో సరుకులా చేతులు మారుతున్న కాలం ఇది. అక్టోబరులో ఇంజినీరింగ్ సీటు ఇప్పిస్తామనేవారు కన్వీనర్ కోటా సీటు, అంటే ర్యాంకును బట్టి ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో వచ్చే సీటు ఇప్పించలేరు. ఆ మాటలు నమ్మి నాన్నగారి వైద్యానికి మిగిలిన డబ్బును అడ్వాన్సుగా కట్టకండి. అలాగే ఒక స్థాయి కోర్సుకు ఒకసారి పథకం వాడుకుని మధ్యలో మానేసి, అదే స్థాయిలో మరో కోర్సుకు మళ్లీ అడిగితే చిక్కు వస్తుంది. డిగ్రీలోనైనా చేరి ఉండవలసిందా అన్న మీ ప్రశ్నకు ఇది ఒక జవాబు.

ఆ ప్రశ్నకు రెండో జవాబు టీసీ (బదిలీ ధ్రువపత్రం). రెగ్యులర్ డిగ్రీ కాలేజీలో చేరినవారు ఒరిజినల్ టీసీ అక్కడ ఇవ్వాలి. వచ్చే జూన్‌లో ఇంజినీరింగ్ సీటు వస్తే దాన్ని వెనక్కి తీసుకోవాలి. విద్యార్థుల ఒరిజినల్ ధ్రువపత్రాలను కళాశాలలు అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018లోనే స్పష్టం చేసింది. అయినా మిగిలిన రెండేళ్ల ఫీజు కట్టి తీసుకెళ్లమన్న కాలేజీ గుమ్మం ముందు కళ్లనీళ్లు పెట్టుకున్న పిల్లలు సహాయ కేంద్రానికి వచ్చేవారు, ఒక్కోసారి కౌన్సెలింగ్ గడువు ముగిసే సాయంత్రం వచ్చేవారు. ఇంజినీరింగే చదవాలన్న నిర్ణయం మీకు గట్టిగా ఉంటే ఏడాదిపాటు పేరుకు మాత్రం డిగ్రీలో ఉండడం కన్నా టీసీ మీ బీరువాలో ఉండడమే మేలు. ఆ నిర్ణయం మీద మీకే అనుమానం ఉంటే, అంటే కంప్యూటర్ సైన్సా, గణితమా, మరొకటా అని ఊగుతుంటే, దూరవిద్య అందించే ఇగ్నో విశ్వవిద్యాలయానికి జూలైతో పాటు జనవరిలోనూ ప్రవేశాలుంటాయి. ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి యూజీసీ 2022లో అనుమతించింది కనుక, దూరవిద్యలో చేరిన బీఏ గానీ బీకాం గానీ తర్వాత బీటెక్‌తో పాటు కొనసాగించవచ్చు. అయితే ఇది ఆసక్తి ఉన్నవారికి చెప్పే మాట. ‘ఏదో ఒకటి చదువుతోంది’ అని నలుగురికీ చెప్పుకోవడానికి చేరవద్దు, ఆ పుస్తకాలు వచ్చినప్పుడు చదవవలసింది నలుగురు కాదు, మీరు.

ఉద్యోగం గురించి అంత భయం అక్కర లేదు. ప్రాంగణ నియామకాలకు వచ్చే కంపెనీలు విరామం గురించి అడిగే మాట నిజమే. టీసీఎస్ వంటి పెద్ద సంస్థే తన నియామక ప్రకటనల్లో మొత్తం చదువులో విరామం 24 నెలలు మించకూడదని రాస్తుంది. పన్నెండు నెలల విరామం ఆ హద్దు లోపలే ఉంది. రెండో ఏడాది కూడా ఆగితే హద్దు అంచున నిలబడతారు. పైగా 2020ని గుర్తు చేసుకోండి. ఆ ఏడాది కరోనా వల్ల ఆంధ్రప్రదేశ్ ఎంసెట్ సెప్టెంబరు 17న మొదలైంది, నీట్ సెప్టెంబరు 13న జరిగింది, మొదటి సంవత్సరం తరగతులు ఏడాది చివరికి గానీ గాడిన పడలేదు. ఒక తరం మొత్తానికి అర్ధ సంవత్సరం ఇంట్లోనే గడిచింది. ఆ పిల్లలు 2024లో పట్టాలు తీసుకుని ఉద్యోగాల్లో ఉన్నారు; ఆ నెలలేమయ్యాయని ఇప్పుడు వాళ్లను అడిగేవారు లేరు.

ఇక ఇంటి సంగతి. మీ ఉత్తరంలో మీరు తక్కువ రాసింది దీని గురించే, నాకు ఎక్కువ ఆందోళన కలిగించిందీ ఇదే. పెదనాన్నగారి సాయంతో ఈ ఏడాది కూడా సాగు ఆపలేదని రాశారు. అంటే అక్టోబరు, నవంబరుల్లో నాట్లు, జనవరి నుంచి ఆకు కొట్టడం, కట్టడం, బ్యారన్‌లో (ఆకును మంట వేడితో ఆరబెట్టే గదిలో) ఎండబెట్టడం, ఇదంతా మార్చి దాకా సాగుతుంది. బ్యారన్ మంట రాత్రింబవళ్లు చూసుకోవలసిన ఇల్లు నిద్రపోయే ఇల్లు కాదు. కూలీలకు వంట, టీలు, నాన్నగారి మందులు, ఫిజియోథెరపీ, ఇవన్నీ ఇంట్లో ఉన్న అమ్మాయి మీదికి ఎవరూ చెప్పకుండానే వచ్చి పడతాయి. ఇది ఎవరి తప్పూ కాదు. ఊళ్లో కాలేజీకి వెళ్లే పిల్లకు చదువు ఉందని అందరికీ తెలుసు, ఇంట్లో ఉన్న పిల్లకు సెలవులని అందరూ అనుకుంటారు. మీ ఏడాది సెలవుల్లా కనబడినంత కాలం మీ సమయం మీ చేతిలో ఉండదు.

కనుక చదువు పథకాన్ని నెలల లెక్కన సమంగా పంచకండి. పొగాకు ఇంటి క్యాలెండరు ప్రకారం వేసుకోండి. నాట్లు అయ్యాక నవంబరు, డిసెంబరు నెలలు మీకు దొరికే నిశ్శబ్ద కాలం. కష్టమైన కొత్త అధ్యాయాలు, అంటే మీ ర్యాంకు కార్డులో తేలిపోయిన భాగాలు, అప్పుడే పూర్తి చేయాలి. జనవరిలో జేఈఈ మెయిన్ ఒక విడత రాసేయండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొత్తగా ఏదీ మొదలుపెట్టకుండా పాత ప్రశ్నపత్రాలను రోజుకు ఒక సబ్జెక్టు చొప్పున కాలం కొలుచుకుని చేయండి. విడివిడిగా దొరికే గంటల్లో చేయగల పని అదే. ఏప్రిల్ నుంచి మళ్లీ పూర్తి సమయం కావాలని, అప్పుడు వంట పనికి ఎవరినైనా పెట్టుకోవలసి వస్తుందని ఇప్పుడే, అమ్మగారికి ఓపిక ఉన్న ఒక సాయంత్రం చెప్పండి. ఉదయం ఐదు నుంచి తొమ్మిది వరకు ఎవరూ పిలవకూడదన్న ఒక్క నియమం ఒప్పించగలిగితే రోజంతా చదువుతానని చేసే వాగ్దానాల కన్నా అది విలువైనది. ఇంట్లో ఆ నాలుగు గంటలూ దొరకకపోతే మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయం చూడండి. ఈ రోజుల్లో గ్రంథాలయాల్లో నవలలు చదివేవారి కన్నా గ్రూప్స్, కానిస్టేబుల్ పరీక్షలకు చదివేవారే ఎక్కువ. అక్కడ కూర్చుంటే మీరు ఒంటరిగా లేరని తెలుస్తుంది, బయటికి వెళ్లి వచ్చే అలవాటూ పోదు.

లాంగ్ టర్మ్ కోచింగ్‌కు విజయవాడ వెళ్లాలా అని కూడా సందేహం ఉంది మీకు. ఇరవై నాలుగు వేల ర్యాంకు, 92 శాతం మార్కులు ఉన్న విద్యార్థికి పాఠం మళ్లీ మొదటి నుంచి చెప్పేవారు అవసరం లేదు. తప్పులు చూపేవారు, పరీక్షలు పెట్టేవారు కావాలి. ఒక మంచి టెస్ట్ సిరీస్, మీ పాత లెక్చరర్లలో ఒకరు నెలకోసారి అరగంట సమయం ఇవ్వడం, ఈ రెండూ చాలు. హాస్టల్ ఫీజుతో కలిపి ఏడాది కోచింగ్‌కు అయ్యే ఖర్చు మీకు రేపు బీటెక్ మొదటి సంవత్సరంలో పనికొస్తుంది. నీట్ రాసేవారికైతే నేను ఇంత ధీమాగా ఈ మాట చెప్పను, అక్కడ సీట్ల లెక్క వేరు.

డబ్బు విషయంలోనూ పొగాకు క్యాలెండరే మీకు సాయం చేస్తుంది. పొగాకు బోర్డు వేలం కేంద్రాలు సాధారణంగా మార్చిలో తెరుస్తారు, సొమ్ము రైతు ఖాతాలో పడేది వేసవిలో. కౌన్సెలింగ్ జరిగేది ఆ తర్వాత. ప్రమాదమల్లా వేలం సొమ్ము వచ్చిన వారంలోనే ఎరువుల బాకీలకూ ఆసుపత్రి అప్పులకూ వెళ్లిపోవడం. మొదటి సంవత్సరానికి కావలసిన మొత్తం ఇంత, అందులో రీయింబర్స్‌మెంటు వచ్చేది ఇంత, వచ్చేదాకా చేతి నుంచి పెట్టవలసింది ఇంత అని కాగితం మీద రాసి నాన్నగారికి ఇవ్వండి. సొమ్ము వచ్చిన రోజు ఆ మొత్తాన్ని మీ పేరిట ఖాతాలోకి మార్చమనండి. పద్దెనిమిది నిండాయి కనుక మైనర్ ఖాతా ఉంటే దాన్ని ముందే మేజర్ ఖాతాగా మార్పించుకోవాలి. ధర పడిపోతే ఏమిటన్న ప్రశ్నకు విద్యారుణం ఒక జవాబు. కేంద్రం 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో చేరినవారికి తాకట్టు, పూచీ లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉంటే పది లక్షల రుణం వరకు వడ్డీలో మూడు శాతం రాయితీ ఉంటుంది. మీరు ఆప్షన్లు పెట్టే కళాశాలల్లో ఆ జాబితాలో ఉన్నవేవో ముందే చూసి పెట్టుకోండి.

కాగితాల పని ఈ ఏడాదిలో మీకు దొరికిన అసలైన అవకాశం, ఎందుకంటే మీ స్నేహితురాళ్లు జూలైలో పరుగులు తీసి చేసిన పనిని మీరు తీరిగ్గా చేయవచ్చు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఒకచోట చేర్చండి, స్థానికత, అంటే మిమ్మల్ని ఏ విశ్వవిద్యాలయ ప్రాంతపు అభ్యర్థిగా లెక్కిస్తారన్నది వాటిమీదే తేలుతుంది. ప్రకాశం జిల్లా ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతంలోకి వస్తుంది. మధ్యలో రెండు మూడేళ్లు నెల్లూరులో చదివి ఉంటే ఆ సంగతి ఇప్పుడే తేల్చుకోవాలి, అది శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం. పదో తరగతి మెమోలోని పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో చూడండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా ఉండడం వల్ల ఎన్ని దరఖాస్తులు ఆగాయో చెప్పలేను. కుల ధ్రువపత్రం ముందే తీసుకోవచ్చు. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాల) పత్రం మాత్రం ఆ ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది, జేఈఈ ద్వారా సీటు కోరేవారి ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. ఇవి ఇప్పుడు తీసుకుని ధీమాగా కూర్చుంటే జూన్‌లో చెల్లవు. ఏప్రిల్ రెండో వారంలో మీ గ్రామ సచివాలయానికి వెళ్లండి. రీయింబర్స్‌మెంటు అర్హతలో మీ ఇంటికి ప్రత్యేకంగా ఏదైనా చిక్కు ఉందేమో అక్కడి సంక్షేమ, విద్యా సహాయకుణ్ణి అదే రోజు అడగండి.

హైదరాబాదులో చదవాలన్న ఆలోచన ఉంటే ఒక్క మాట. 2025-26 ప్రవేశాల నుంచి తెలంగాణ ప్రభుత్వం అక్కడి 15 శాతం అన్‌రిజర్వుడు సీట్లను ప్రధానంగా తమ రాష్ట్రవాసులకే పరిమితం చేసింది. మీ అక్కయ్య తరం వాళ్లు ఆ దారిన చేరి ఉండవచ్చు గానీ మీరు దాన్ని నమ్ముకుని ఆప్షన్ల జాబితా వేసుకోవద్దు.

చదువు కాకుండా చేయవలసిన చిన్న పనులు కొన్ని ఉన్నాయి: ఓటరు నమోదు ఫారం 6 పెట్టడం, లెర్నర్ లైసెన్సు తీసుకుని ముప్పై రోజుల తర్వాత, ఆరు నెలల గడువు దాటకుండా డ్రైవింగ్ పరీక్షకు వెళ్లడం. నాన్నగారు బండి నడపలేని ఈ ఏడాది మీ ఇంటికి రెండోది నిజంగా అవసరం. ప్రోగ్రామింగ్ కొంత నేర్చుకోవాలనుకుంటే స్వయం, ఎన్‌పీటీఈఎల్ వేదికల్లో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా ఉన్నాయి, పరీక్ష రాసి ధ్రువపత్రం కోరేవారే రుసుము కట్టాలి. ఒక్క కోర్సు, అదీ మే నెల పరీక్ష అయ్యాక. సర్టిఫికెట్లు పోగుచేయడం చదువుతున్న భ్రమను ఇస్తుంది గానీ ర్యాంకును ఇవ్వదు.

బంధువుల ప్రశ్నల దగ్గరికి వస్తాను. ‘ఏం చదువుతున్నావమ్మా?’ అని అడిగేవారిలో ఎక్కువమంది మాట కలపడానికి అడుగుతారు. వారికి ‘నాన్నగారి ఆపరేషన్ వల్ల ఆగాను మామయ్యా, మే నెలలో ఈఏపీసెట్ రాస్తున్నాను’ అన్న ఒక్క వాక్యం చాలు. అందులో నెల ఉండడం ముఖ్యం, నెల చెప్పగానే సలహాలు సగానికి తగ్గుతాయి. కొందరు వేరే ఉద్దేశంతో అడుగుతారు. చదువు ఆగిన అమ్మాయి ఇంట్లో ఉందని తెలిసిన చోటికి సంబంధాలు వాటంతట అవే నడిచి వస్తాయి. తండ్రి మంచాన ఉన్నప్పుడు ‘బాధ్యత తీరిపోతుంది’ అన్న మాట ఇంట్లో బలంగా వినబడుతుంది. మీ ఉత్తరం చివర ఒక వాక్యం రాసి కొట్టేసినట్టు అనిపించింది కనుకనే ఈ ప్రస్తావన. పద్దెనిమిది నిండిన మీ సమ్మతి లేకుండా పెళ్లి జరగకూడదన్నది చట్టం. కానీ ఇంట్లో చట్టం మాట్లాడే అవసరం రాకముందే నాన్నగారితో మీరే మాట్లాడండి. అమ్మగారి ద్వారా కబురు పెట్టకండి. ఆయన నొప్పితో, అప్పుతో సతమతమవుతూ మీ చదువు ఆగిపోయిందన్న బాధను తనలో తాను పడుతూ ఉండవచ్చు. మీరు తేదీ, ఖర్చు రాసిన కాగితంతో వెళితే ఆయనకూ అది ఊరటే. నేను చూసిన తండ్రుల్లో చాలామంది ఇలాంటప్పుడు చదువుకు అడ్డుపడలేదు. అమ్మాయికి ఏం కావాలో తమకు ఎవరూ చెప్పలేదని మాత్రం అన్నారు.

స్నేహితురాళ్ల కబుర్లు మీకు బాధ కలిగిస్తున్నాయంటే వారిని తప్పించుకు తిరగకండి, వారితో పని పెట్టుకోండి. ఏ కాలేజీలో తరగతులు సరిగా జరుగుతున్నాయి, ఏ హాస్టల్‌లో తిండి బాగుంది, ఏ బ్రాంచిలో చేరి ఎవరు పశ్చాత్తాప పడుతున్నారు అన్నది వారికన్నా బాగా చెప్పగలవారు లేరు. సంక్రాంతికి వాళ్లు మళ్లీ వస్తారు, అప్పటికి మొదటి సెమిస్టర్ అనుభవం ఉంటుంది. వచ్చే ఏడాది వెబ్ ఆప్షన్ల జాబితాను ఆ పండుగ రోజుల్లో వాళ్లను అడిగి రాసుకోండి. జూలైలో హడావిడిగా ఆప్షన్లు పెట్టి చేరిన మీ తోటివారికి ఈ సమాచారం దొరకలేదు. అయితే దిగులు రోజుల తరబడి వదలకపోయినా, నిద్ర పట్టకపోయినా టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, పేరు చెప్పనక్కర లేదు.

ఆఖరుగా మీరు అడిగిన గ్యాప్ సర్టిఫికెట్ గురించి. అది ఏ కార్యాలయమూ తనంతట తాను ఇచ్చే పత్రం కాదు. ఫలానా కాలంలో నేను ఏ విద్యాసంస్థలోనూ చేరలేదని స్టాంపు కాగితం మీద రాసి, నోటరీ సంతకం చేయించుకునే ప్రమాణపత్రం. కళాశాల అడిగినప్పుడు ఇస్తే చాలు, ఇప్పుడే చేయించనక్కర లేదు. అందులో కారణం రాసేచోట చాలామంది సిగ్గుపడి ‘వ్యక్తిగత కారణాలు’ అని రాస్తారు, దానివల్ల లేనిపోని ప్రశ్నలు వస్తాయి. మీరు తండ్రి శస్త్రచికిత్స అని తేదీతో సహా రాయండి. ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి సమ్మరీ జిరాక్సు రెండు ప్రతులు తీయించి స్టడీ సర్టిఫికెట్లు ఉన్న ఫైలులోనే పెట్టండి. ఒరిజినల్ మాత్రం నాన్నగారి వైద్యానికి అవసరమవుతుంది కాబట్టి ఎవరికీ ఇవ్వకండి.